మ్యూజిక్ కోడ్‌కి ఏ ఎడిటర్? థీమ్ సంగతి తర్వాత, ముందు స్టాప్ కీ ఎక్కడుందో చూడండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని లెక్కలు వేస్తామో మీకు తెలిసిందే. ప్రాసెసర్, ర్యామ్, ఛార్జింగ్ స్పీడ్, ఎండలో డిస్‌ప్లే కనిపిస్తుందా లేదా, అన్నీ చూస్తాం. అదే టెక్స్ట్ ఎడిటర్ దగ్గరికి వచ్చేసరికి మూడే ప్రశ్నలు: ఎక్స్‌టెన్షన్లు ఎన్ని ఉన్నాయి, డార్క్ థీమ్ బాగుందా, ఏఐ ఉందా? వెబ్‌సైట్ కోడ్ రాసేవాళ్లకు ఇది సరిపోతుందేమో. కంప్యూటర్‌తో సంగీతం మోగించే కోడ్‌కి మాత్రం సరిపోదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీఎస్ కోడ్ జోలికి వెళ్లొద్దు. మీరు ఎంచుకున్న భాషతో పాటు వచ్చే సొంత ఎడిటర్‌లోనే కనీసం రెండు మూడు నెలలు ఉండండి. "అది చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంది బ్రో" అంటారు. అవును, ఉంటుంది. అయినా అదే వాడమంటున్నా. ఎందుకో చెప్తా.

ఈ లోకం కొత్త అయినవాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యూజిక్ కోడ్ అంటే ఎఫ్ఎల్ స్టూడియోలాగా మౌస్‌తో బ్లాకులు జరపడం కాదు, స్వరం, లయ, శబ్దం అన్నీ టెక్స్ట్‌గా రాయడం. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన మ్యూజిక్ వన్ అనే ప్రోగ్రామ్‌తో ఈ దారి మొదలైంది. ఆ వంశంలోనే 1980లలో ఎంఐటీలో బ్యారీ వెర్కో చేసిన సీసౌండ్ వచ్చింది. 1996లో జేమ్స్ మెక్‌కార్ట్‌నీ సూపర్‌కొలైడర్ తెచ్చాడు. ఆ తర్వాత ప్రిన్స్‌టన్ నుంచి చక్, అలెక్స్ మెక్‌లీన్ టైడల్‌సైకిల్స్, పిల్లలకు కోడింగ్ నేర్పడానికి సామ్ ఆరన్ చేసిన సోనిక్ పై, 2022లో బ్రౌజర్‌లోనే నడిచే స్ట్రూడెల్. అన్నీ ఉచితం. కాబట్టి డబ్బు సమస్య కాదు. పోయేది మీ టైమ్, కాస్త అజాగ్రత్తగా ఉంటే మీ చెవులు కూడా.

పాత పద్ధతిలో ఫైల్ మొత్తం రాసి, రన్ కొట్టి, కంప్యూటర్ లెక్క కట్టి ఆడియో ఇచ్చేదాకా ఆగాలి. అప్పుడు ఎడిటర్ ఏదైనా ఒకటే, నోట్‌ప్యాడ్ అయినా చాలు. ఇప్పుడు పాట మోగుతుండగానే కోడ్ మారుస్తున్నారు. దీన్నే లైవ్ కోడింగ్ అంటారు. స్టేజీ మీద తమ స్క్రీన్‌ని ప్రొజెక్టర్‌లో జనానికి చూపిస్తూ వాయించడం వీళ్ల ఆనవాయితీ. అలా వాయించేటప్పుడు ఎడిటర్‌ని రాత పుస్తకంలా చూస్తే కుదరదు. కీబోర్డ్ ప్లేయర్‌కి మెట్లు ఎలాగో లైవ్ కోడర్‌కి ఎడిటర్ అలాగ.

ఇక్కడో అపోహ ఉంది. "మంచి ఎడిటర్ వాడితే సౌండ్ బాగా వస్తుందా? లేటెన్సీ తగ్గుతుందా?" రాదు, తగ్గదు. సూపర్‌కొలైడర్‌నే తీసుకోండి. అందులో మూడు వేర్వేరు ముక్కలున్నాయి. మీరు రాసేది ఎడిటర్‌లో. దాన్ని అర్థం చేసుకునేది ఎస్‌సీల్యాంగ్. అసలు శబ్దం పుట్టించేది ఎస్‌సీసింథ్ అనే సర్వర్. ఎస్‌సీల్యాంగ్ నుంచి సర్వర్‌కి ఓఎస్‌సీ అనే నెట్‌వర్క్ మెసేజ్‌లు వెళ్తాయి, రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నా సరే. ఎడిటర్ చేసే పనల్లా మీరు చూపించిన టెక్స్ట్‌ని ఎస్‌సీల్యాంగ్‌కి అందించడమే. విమ్ అందించినా, వీఎస్ కోడ్ అందించినా, సర్వర్‌కి తేడా తెలీదు. టైడల్ కూడా అంతే, రాసేది హాస్కెల్‌లో, మోగేది సూపర్‌కొలైడర్‌లో. సోనిక్ పై లోపల ఉన్న ఇంజిన్ కూడా సూపర్‌కొలైడరే.

శబ్దంలో తేడా లేనప్పుడు ఎడిటర్‌లో ఏం చూడాలి? మొదటిది, ఫైల్‌లో ఒక ముక్కను మాత్రమే ఎంత తేలిగ్గా పంపొచ్చు అన్నది. మామూలు ప్రోగ్రామింగ్‌లో ఫైల్ మొత్తం రన్ అవుతుంది. ఇక్కడ అలా చేస్తే ఇప్పటికే మోగుతున్న నాలుగు లేయర్లు మళ్లీ మొదటినుంచి పుట్టి ఒకదానిమీద ఒకటి పడతాయి. సూపర్‌కొలైడర్ సొంత ఎడిటర్‌లో ఒక ముక్కను బ్రాకెట్లలో పెట్టి, కర్సర్ అందులో ఎక్కడున్నా కంట్రోల్ ఎంటర్ కొడితే ఆ ముక్కంతా వెళ్తుంది. మౌస్‌తో సెలెక్ట్ చేయక్కర్లేదు, సేవ్ చేయక్కర్లేదు. ఇదేదో చిన్న సౌకర్యం అనుకోకండి. ఉదాహరణకి మిశ్ర చాపు లయ రాస్తున్నారు. ఏడు అక్షరాలు, 3+2+2, అంటే 1, 4, 6 మీద దెబ్బ. మోగుతుండగా ఆరో దాన్ని ఏడుకి జరిపితే ఎలా ఉంటుందో వినాలనిపించింది. ఒక గుర్తు చెరిపి, పక్కన పెట్టి, కంట్రోల్ ఎంటర్. ఇది సెకను పనిగా ఉంటే ఇరవై రకాలు ప్రయత్నిస్తారు. ప్రతిసారీ సెలెక్ట్ చేసి, మెనూ వెతికి, కొట్టాల్సి వస్తే మూడోదానికే సరిపెట్టుకుంటారు. ఆ మూడోదే మీ పాట అయిపోతుంది!

చక్ కోసం ఉన్న మినీఆడికల్ ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. ఒక ముక్కను కలపడానికి, మార్చడానికి, తీసేయడానికి విడివిడిగా బటన్లు పైనే ఉంటాయి. ఏయే ముక్కలు ఎంతసేపటినుంచి నడుస్తున్నాయో పక్క కిటికీలో కనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ అందం గురించి అడక్కండి, కానీ పని తెలిసినవాళ్లు చేశారని చూడగానే తెలుస్తుంది.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆపే కీ. సూపర్‌కొలైడర్‌లో వాల్యూమ్ 0.1 అని రాయాల్సిన చోట చుక్క ఒక స్థానం జరిగి 1.0 పడిందనుకోండి. అది 20 డెసిబెల్స్ పెరుగుదల. ఇయర్‌ఫోన్స్‌లో అది సరదా విషయం కాదు. ఫీడ్‌బ్యాక్ లూప్‌లో ఒక సంఖ్య కాస్త ఎక్కువైతే శబ్దం తనను తాను పెంచుకుంటూ పోతుంది. గిటార్ అయితే తీగ మీద చెయ్యి పెడతాం, మృదంగం అయితే అరచెయ్యి ఆనిస్తాం. కోడ్‌లో ఆ అరచెయ్యి ఒక కీబోర్డ్ షార్ట్‌కట్. సూపర్‌కొలైడర్‌లో అది కంట్రోల్ ప్లస్ ఫుల్‌స్టాప్, మ్యాక్‌లో కమాండ్ ప్లస్ ఫుల్‌స్టాప్. స్ట్రూడెల్‌లోనూ ఇదే అలవాటు. సోనిక్ పైలో విండోస్ మీద ఆల్ట్ ఎస్, మ్యాక్ మీద కమాండ్ ఎస్. (మ్యాక్‌లో అలవాటుగా సేవ్ కొడితే పాట ఆగిపోతుంది. సోనిక్ పై మీ కోడ్‌ని తనే సేవ్ చేసుకుంటుంది లెండి, కంగారు పడకండి.)

ఇప్పుడు వీఎస్ కోడ్‌కి వద్దాం. అందులో కంట్రోల్ ప్లస్ ఫుల్‌స్టాప్ అంటే అసలు అర్థం వేరు, క్విక్ ఫిక్స్ మెనూ. ఎక్స్‌టెన్షన్ ఆ కీని తనకు తీసుకోకపోతే, లేదా కర్సర్ ఆ టైమ్‌కి ఇంకో ప్యానెల్‌లో ఉంటే, చెవుల్లో ఈల మోగుతూనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం ఒక మెనూ వస్తుంది. లినక్స్‌లో ఇంకో చిక్కుంది, తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇది ఎక్కువ తగులుతుంది. మనం తెలుగు, ఇంగ్లీష్ కీబోర్డులు మార్చుకోవడానికి ఐబస్ వాడతాం. కొన్ని లినక్స్ వెర్షన్లలో ఆ ఐబస్ ఇదే కంట్రోల్ ప్లస్ ఫుల్‌స్టాప్‌ని ఎమోజీ టైప్ చేయడానికి పెట్టుకుంది. కొట్టగానే కింద గీతతో ఒక 'ఈ' అక్షరం ప్రత్యక్షమవుతుంది, శబ్దం ఆగదు. ఐబస్ సెట్టింగ్స్‌లో ఎమోజీ ట్యాబ్‌కి వెళ్లి ఆ షార్ట్‌కట్ తీసేస్తే సరిపోతుంది. కానీ ముందే తెలిసి తీసేయడం వేరు, ఈల మోగుతుండగా గూగుల్ చేయడం వేరు.

మూడోది ఎర్రర్ ఎక్కడ కనిపిస్తుందన్నది. లైవ్ కోడింగ్‌లో ఒక విచిత్రం ఉంది. టైడల్‌లోనో స్ట్రూడెల్‌లోనో తప్పుగా రాసి కొడితే పాట ఆగదు, పాత ప్యాటర్నే హాయిగా మోగుతూ ఉంటుంది. స్టేజీ మీద ఇది వరమే. కానీ మీరు చేసిన మార్పు లోపలికి వెళ్లిందో లేదో చెవికి తెలీదు. కన్నే చూడాలి. సూపర్‌కొలైడర్ ఎడిటర్‌లో పోస్ట్ విండో ఎప్పుడూ పక్కనే ఉంటుంది, మీరు పంపిన ముక్క ఒక్క క్షణం మెరుస్తుంది. టైడల్ ఎర్రర్లు హాస్కెల్ నుంచి నేరుగా వస్తాయి, ఒక కొటేషన్ మార్క్ మర్చిపోతే పేరాగ్రాఫ్ అంత తిట్టు వస్తుంది. దాన్ని మూడు లైన్ల టెర్మినల్ ప్యానెల్‌లో చదవమంటే ఎవరికైనా విసుగే. స్ట్రూడెల్ ఈ విషయంలో అందరికంటే ముందుంది. ఏ క్షణంలో ఏ అక్షరం మోగుతోందో కోడ్‌లోనే దాని చుట్టూ గీత వెలుగుతుంది. లయ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి టీచర్ నాకు కనిపించలేదు.

చూశారా, ఇప్పటిదాకా చెప్పినవాటిలో థీమ్ లేదు, ఎక్స్‌టెన్షన్ల సంఖ్య లేదు. సొంత ఎడిటర్లు ఈ మూడూ మొదటి రోజునుంచే సరిగ్గా చేస్తాయి. పైగా సూపర్‌కొలైడర్‌లో ఏ పదం మీదైనా కర్సర్ పెట్టి కంట్రోల్ డి కొడితే హెల్ప్ పేజీ తెరుచుకుంటుంది, అందులోని ఉదాహరణల్ని అక్కడికక్కడే రన్ చేసి వినొచ్చు. యూట్యూబ్ ట్యుటోరియల్ కంటే ఆ హెల్ప్ పేజీలే ఎక్కువ నేర్పుతాయి.

లోపాలు లేవని కాదు. సూపర్‌కొలైడర్ సొంత ఎడిటర్‌లో పదిహేను ఫైళ్ల ప్రాజెక్ట్ నడపడం చిరాకు. విమ్ కీలు అలవాటైనవాళ్లకు అందులో చేతులు కట్టేసినట్టుంటుంది. సోనిక్ పైలో 0 నుంచి 9 దాకా పది బఫర్లే ఉంటాయి, పెద్ద కంపోజిషన్‌కి అవి ఇరుకు. ఆ ఇరుకు మీకు నిజంగా తగిలిన రోజున మారండి. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుసుంటుంది. ఇప్పటికే రోజంతా నియోవిమ్‌లో బతికేవాళ్లు ఎస్‌సీఎన్‌విమ్ పెట్టుకోండి, ఈమాక్స్ వాళ్లకు ఎస్‌సీఈఎల్ ఉంది, రెండూ గట్టివే. కానీ సూపర్‌కొలైడర్, విమ్ రెండూ ఒకేసారి కొత్తగా నేర్చుకుంటానని ఎవరైనా అంటే, నెల తర్వాత వాళ్ల దగ్గర చక్కటి కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, పాట ఉండదు.

ఎక్స్‌టెన్షన్ల మీద ఆధారపడటంలో ఇంకో ప్రమాదం చూశాం. చాలా ఏళ్లపాటు టైడల్ వాడేవాళ్లకు ఆటమ్ ఎడిటరే దిక్కు. కొత్తవాళ్లకు గైడ్లలో చెప్పింది అదే, వర్క్‌షాపుల్లో నేర్పింది అదే. 2022 జూన్‌లో గిట్‌హబ్ ఆటమ్‌ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది, అదే ఏడాది డిసెంబర్ 15న మూసేసింది. ఆ ఆరు నెలల్లో ఒక సంగీత సమాజం మొత్తం ఇల్లు మారాల్సి వచ్చింది. కొందరు ఆటమ్ కోడ్‌నుంచే కమ్యూనిటీ చేసిన పల్సర్‌కి, కొందరు వీఎస్ కోడ్‌కి వెళ్లారు. టైడల్‌కి ఏమీ కాలేదు, పాటలకూ ఏమీ కాలేదు, ఎందుకంటే అవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. పోయింది వేళ్లకు పట్టిన అలవాటు. ఫోన్ కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే గోల చేస్తాం కదా, ఎడిటర్ వెనక ఎవరున్నారో కూడా అలాగే చూసుకోవాలి. పెద్ద కంపెనీ ఉంది కదా అన్న ధైర్యం ఆటమ్ విషయంలో పనికిరాలేదు.

ఇక హార్డ్‌వేర్. మనలో చాలామంది దగ్గర ఉన్నది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాపే. సంగీతానికి అది బాగానే సరిపోతుంది, సోనిక్ పై అసలు రాస్‌ప్‌బెర్రీ పై కోసమే పుట్టింది. కానీ ఆడియోకి ఒక కఠినమైన గడువు ఉంటుంది. సెకనుకి 48,000 శాంపిల్స్, బఫర్ 512 అనుకుంటే, ప్రతి 10.7 మిల్లీసెకన్లకు ఒక బఫర్ నిండి తీరాలి. 256 పెడితే 5.3 మాత్రమే. ఒక్కసారి తప్పినా టక్ మని చప్పుడు వినిపిస్తుంది. వీఎస్ కోడ్, పల్సర్ రెండూ ఎలక్ట్రాన్ మీద కట్టినవి, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ నడుస్తుంటుంది. దానితోపాటు పది ఎక్స్‌టెన్షన్లు, పక్కన ఇంకో బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు. గ్లిచ్ వస్తే తప్పు సూపర్‌కొలైడర్ మీద వేస్తారు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలని ఇంట్లో అడిగేముందు ఆ ట్యాబులు మూసి, తేలికైన ఎడిటర్‌లో ఒకసారి అదే కోడ్ నడిపి చూడండి.

ఫోన్ మీద చేయొచ్చా? ఇది మన సైట్ కాబట్టి చెప్పాలి. స్ట్రూడెల్ ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, మోగుతుంది కూడా. కానీ టచ్ కీబోర్డ్‌లో బ్రాకెట్లు, కొటేషన్లు, స్టార్ గుర్తు మూడు పేజీల వెనక దాక్కుని ఉంటాయి. మ్యూజిక్ కోడ్ నిండా అవే. ఆటోకరెక్ట్ మన శాంపిల్ పేర్లను ఇంగ్లీష్ పదాలుగా దిద్దుతుంది. ఓటీజీతో చిన్న కీబోర్డ్ తగిలిస్తే ఫోన్ కూడా పనికొస్తుంది. ఇయర్‌ఫోన్ మాత్రం వైర్‌దే పెట్టుకోండి. బ్లూటూత్‌లో వంద మిల్లీసెకన్లు దాటి ఆలస్యం రావడం మామూలే, ఆపే కీ కొట్టాక కూడా కాసేపు మోగుతుంది. ఇంకో మాట, స్ట్రూడెల్‌లో మీరు రాసుకున్నవి ఆ బ్రౌజర్‌లోనే దాచి ఉంటాయి. బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే అంతే సంగతులు. నచ్చిన ప్రతి ప్యాటర్న్‌నీ టెక్స్ట్ ఫైల్‌గా బయట పెట్టుకోండి.

ఏఐ ఆటోకంప్లీట్ గురించి నా మాట సూటిగా ఉంటుంది: వాయించేటప్పుడు ఆఫ్ చేయండి. వెబ్ కోడ్‌లో తప్పు సలహా వస్తే టెస్ట్ పట్టుకుంటుంది. ఇక్కడ ట్యాబ్ కొట్టి, ఎంటర్ కొట్టాక అది స్పీకర్లోంచి వస్తుంది. పైగా ఏఐ ఇచ్చే సంఖ్య చూడ్డానికి సబబుగానే ఉంటుంది, అది మీరు విని ఎంచుకున్న సంఖ్య కాదు, అంతే. ఇంట్లో కూర్చుని ఒక ఫంక్షన్ ఎలా పనిచేస్తుందో అడగడానికి ఏఐని వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తెలుగు కామెంట్ల సంగతి కూడా చెప్పాలి. "ఇక్కడ తకిట తకధిమి, తర్వాత ఖాళీ" అని కోడ్ పక్కన తెలుగులో రాసుకోవడం నాకు ఇష్టం. టెర్మినల్‌లో నడిచే విమ్‌లో ఒత్తులు విడిపోయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే టెర్మినల్ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి కేటాయించాలని చూస్తుంది. బ్రౌజర్ ఆధారంగా నడిచే ఎడిటర్లలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్‌ని ఇంతసేపు తిట్టాను కాబట్టి ఈ మార్కు దానికి ఇవ్వాల్సిందే.

మొత్తమ్మీద, ఇన్‌స్టాల్ చేసే ఓపిక కూడా లేనివాళ్లు స్ట్రూడెల్. స్కూల్ పిల్లలు, మొదటిసారి కోడ్ రాసేవాళ్లు సోనిక్ పై. శబ్దాన్నే మొదటినుంచి తయారు చేయాలనుకునేవాళ్లు సూపర్‌కొలైడర్, దాని సొంత ఎడిటర్‌లో. టైడల్‌కి సొంత ఎడిటర్ లేదు కాబట్టి అక్కడ మాత్రం పల్సర్ లేదా వీఎస్ కోడ్ తప్పదు. విమ్ వచ్చినవాళ్లు విమ్‌లోనే ఉండండి.

ఏది ఎంచుకున్నా ఇన్‌స్టాల్ చేసిన రోజు ఒక పరీక్ష పెట్టండి. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకుండా టేబుల్ మీద ఉంచి, వాల్యూమ్ బాగా తగ్గించి, ఒక శబ్దం మొదలుపెట్టండి. స్క్రీన్ చూడకుండా ఆపే కీ కొట్టండి. పదిసార్లు. తర్వాత కర్సర్‌ని వేరే ప్యానెల్‌లో పెట్టి ఒకసారి, తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంచి ఒకసారి కొట్టి చూడండి. అన్నిసార్లూ ఆగితే హెడ్‌ఫోన్ పెట్టుకోండి.